జపాన్‌లో 5 ఊళ్లు, 13 రాత్రులు: రైలు మీద తిరిగే ట్రిప్పు ఎలా ప్లాన్ చేసుకోవాలి

మొదటిసారి జపాన్ వెళ్లాలనుకున్నప్పుడు నా కాగితం మీద 9 ఊళ్లున్నాయి, చేతిలో 14 రోజులున్నాయి. షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంది కదా, ఎన్ని ఊళ్లయినా చుట్టేయొచ్చనుకున్నాను. తీరా వెళ్లాక దాదాపు ప్రతి పొద్దునా పెట్టె సర్దడం, దాన్ని ఈడ్చుకుంటూ స్టేషన్‌కి పరిగెత్తడమే సరిపోయింది. ఆ ట్రిప్పు అనగానే ఇప్పటికీ నా కళ్ల ముందు మెదిలేది కాయిన్ లాకర్ల వరస. రెండోసారి 5 ఊళ్లకు తగ్గించాను. అప్పుడు ఏ పని తర్వాత ఏ పని చేశానో ఆ వరసలోనే చెప్తాను.

ముందు రాత్రులు పంచండి

ఊళ్ల పేర్లు రాయడం కంటే ముందు ఎన్ని రాత్రులు ఉండగలరో రాయండి. విమానంలో గడిచే రాత్రి ఇందులోకి రాదు. 13 రాత్రులైతే నేను పంచేది ఇలా: టోక్యో 4, కనజావా 2, క్యోటో 4, హిరోషిమా 2, ఒసాకా 1. అంటే హోటల్ మారేది 4 సార్లే.

ఊరు మారే రోజును పూర్తి రోజుగా లెక్కేయొద్దు. టోక్యో నుంచి కనజావాకు కగయాకి రైలులో రెండున్నర గంటలే. కానీ ఆ రోజు నిజంగా ఎలా గడుస్తుందో చూడండి. హోటల్ పదింటికో పదకొండింటికో ఖాళీ చేయాలి. స్టేషన్‌కి అరగంట. ప్లాట్‌ఫాం వెతుక్కుని, తినడానికి ఏకిబెన్ డబ్బా ఒకటి కొనుక్కునేసరికి ఇంకో అరగంట. రైలు దిగాక హోటల్‌కి పావుగంట. అక్కడ గది ఇచ్చేది సాధారణంగా 3 గంటలకు. అంటే మీ దగ్గర మిగిలేది సాయంత్రం మాత్రమే. అలాంటి రోజులు 4 ఉంటే రెండు రోజులు పోయినట్టే. 8 ఉంటే నాలుగు రోజులు పోతాయి, నా మొదటి ట్రిప్పులో జరిగింది అదే.

హోటల్ మారకుండానే చూడగలిగే ఊళ్లు కొన్ని ఉంటాయి, వాటిని వేరే జాబితాలో పెట్టండి. నారాకు క్యోటో నుంచి ముప్పావుగంట ప్రయాణం, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. మియాజిమా దీవికి హిరోషిమా నుంచి లోకల్ రైలు, ఆ తర్వాత 10 నిమిషాల ఫెర్రీ. హిమేజీ కోట అయితే క్యోటో నుంచి హిరోషిమా వెళ్లే దారిలోనే ఉంది. ఈ మూడింటికీ ఒక్క రాత్రి కూడా ఖర్చు కాదు.

మిగతావి కొట్టేయండి. నేను నిక్కో, హకోనే, తకయామా కొట్టేశాను. తకయామా కొట్టేసినప్పుడు కొంచెం బాధేసిందనుకోండి.

దిగే ఊరు, ఎక్కే ఊరు వేరుగా ఉండాలి

ఇది చాలామంది చేసే పొరపాటు. టోక్యోకు రానూపోనూ టికెట్ చవగ్గా దొరికిందని కొనేస్తారు. చివర్లో హిరోషిమా నుంచి విమానం కోసం మళ్లీ టోక్యో దాకా వెనక్కి రావాలి. షింకన్‌సెన్‌లో దాదాపు 4 గంటలు, టికెట్ సుమారు 19,000 యెన్లు. విమానం టికెట్ మీద మిగిలిందనుకున్నది అక్కడే హరించుకుపోతుంది, పైగా ఒక రోజు దండగ.

టికెట్లు వెతికేటప్పుడు ‘మల్టీ సిటీ’ అని ఉంటుంది, అది నొక్కి టోక్యోలో దిగేట్టు, ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం నుంచి తిరిగొచ్చేట్టు చూడండి. కన్సాయ్ అంటే సముద్రంలో దీవి కట్టి 1994లో తెరిచిన విమానాశ్రయం. మీ దారి మ్యాప్ మీద తూర్పు నుంచి పడమరకు ఒక గీతలా సాగాలి. విమానం కోసం చివర్లో హిరోషిమా నుంచి ఒసాకాకు రావడం తప్ప, గీత ఇంకెక్కడైనా వెనక్కి తిరిగిందంటే అక్కడ ఒక ఊరు తీసేయాలని అర్థం.

టోక్యోకు రెండు విమానాశ్రయాలు. హనేడా ఊళ్లోనే ఉన్నట్టు. నరీటా సుమారు 60 కిలోమీటర్ల దూరం. ధరలో పెద్ద తేడా లేకపోతే హనేడాయే తీసుకోండి. రాత్రి బాగా పొద్దుపోయాక నరీటాలో దిగే విమానం మాత్రం వద్దు, ఆఖరి రైలు తప్పిపోతే టాక్సీ బిల్లు చూసి గుండె ఆగుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

ఎప్పుడు వెళ్లకూడదో ముందు చూసుకోవడం తేలిక. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా గోల్డెన్ వీక్, ఆగస్టు మధ్యలో ఓబోన్, డిసెంబరు చివరి నుంచి జనవరి 3 దాకా కొత్త సంవత్సరం సెలవులు. ఈ మూడు సార్లూ జపాన్ వాళ్లే ఊళ్లకు బయల్దేరతారు. ఆ రోజుల్లో నోజోమి అనే వేగవంతమైన షింకన్‌సెన్ రైళ్లలో రిజర్వేషన్ లేని బోగీలే ఉండవు. జూన్ నుంచి జూలై సగం వరకు ముసురు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉక్కపోత, తుపానులు.

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూలు, నవంబరు రెండో సగంలో క్యోటోలో ఎర్రబడ్డ మేపుల్ ఆకులు. అందంగానే ఉంటుంది, ఆ అందాన్ని చూడాలని మీతోపాటు లోకమంతా వస్తుంది. హోటల్ ధరలు అప్పుడు చుక్కలంటుతాయి. నన్నడిగితే మే మధ్య గానీ, అక్టోబరు చివర నుంచి నవంబరు మొదటి వారం దాకా గానీ వెళ్లమంటాను. కనజావాలోని కెన్రోకుఎన్ తోటలో పైన్ చెట్ల కొమ్మలు మంచు బరువుకు విరగకుండా గొడుగు ఊచల్లా తాళ్లు కట్టే పని నవంబరు 1న మొదలుపెడతారు. నేను అక్టోబరు 30న అక్కడి నుంచి బయల్దేరాను. రెండు రోజుల తేడాలో తప్పిపోయింది, మీరైనా చూసుకోండి.

హోటల్‌ను స్టేషన్ పేరుతో వెతకండి

టోక్యోలో అందరూ షింజుకు అంటారు. ఆ స్టేషన్‌కి 200కు పైగా ద్వారాలున్నాయి. పెట్టెతో దిగినవాడికి అది పద్మవ్యూహమే, లోపలికి వెళ్లడం తెలుస్తుంది గానీ బయటికి రావడం తెలియదు. ఈ దారికైతే ఉయెనో మంచిది. నరీటా నుంచి స్కైలైనర్ నేరుగా అక్కడికే వస్తుంది. కనజావా వెళ్లే హొకురికు షింకన్‌సెన్ కూడా ఉయెనోలో ఆగుతుంది. టోక్యో నేషనల్ మ్యూజియం అక్కడి పార్కులోనే. హోటల్ ధరలూ షింజుకుతో పోలిస్తే నయం.

క్యోటోలో గియోన్ వైపు గదులు ఫోటోల్లో ముచ్చటగా ఉంటాయి. నేను మాత్రం క్యోటో స్టేషన్ దగ్గరే ఉంటాను. ఫుషిమి ఇనారి గుడి అక్కడి నుంచి నారా లైన్‌లో రెండో స్టాపు. ఆ గుడి 24 గంటలూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. పొద్దున ఆరింటికి మీరు ఆ ఎర్రటి తోరణాల కింద ఉంటే, మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. తొమ్మిదిన్నరకు అదే దారిలో అడుగు ముందుకు పడదు. తొందరగా చేరాలంటే దగ్గరలో ఉండాలి, అంతే లెక్క.

ఆఖరి రాత్రి ఒసాకాలో నంబా. అక్కడి నుంచి నాంకాయ్ లైన్ రైలు నేరుగా కన్సాయ్‌కి వెళ్తుంది. రాపిట్ అనే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే 40 నిమిషాల్లోపే.

గదులన్నీ ఉచితంగా రద్దు చేసుకునే వీలుతోనే బుక్ చేయండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు జపాన్ వీసా తప్పనిసరి. దరఖాస్తుతోపాటు ఏ రోజు ఏ ఊళ్లో, ఏ హోటల్‌లో ఉంటారో రోజువారీగా రాసివ్వాలి. కాబట్టి వీసాకు వెళ్లేసరికే మీ ప్లాన్ కాగితం మీద ఉండాలి.

రైలు పాస్ మోజు

‘జపాన్ అంటే జేఆర్ పాస్ కొనాల్సిందే’ అని పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతోంది. జేఆర్ అంటే జపాన్ రైల్వేస్, పాస్ ఉన్నన్ని రోజులూ వాళ్ల రైళ్లలో తిరగొచ్చు. 2023 అక్టోబరులో 7 రోజుల పాస్ ధరను 29,650 నుంచి 50,000 యెన్లకు, 14 రోజుల పాస్‌ను 80,000కు పెంచారు. దాంతో లెక్కలన్నీ మారిపోయాయి. కొనే ముందు మీరే కూడి చూసుకోండి.

మన దారికి విడి టికెట్లు ఇలా ఉంటాయి. టోక్యో నుంచి కనజావాకు దాదాపు 14,000 యెన్లు. కనజావా నుంచి క్యోటోకు 8,000 పైన. క్యోటో నుంచి హిరోషిమాకు 11,000 పైన. హిరోషిమా నుంచి షిన్-ఒసాకాకు, అంటే ఒసాకాలో షింకన్‌సెన్ ఆగే స్టేషన్‌కి, 10,000 పైన. మొత్తం 45,000 అటూ ఇటూ. మొదటి రైలు ఎక్కే రోజు నుంచి ఆఖరి రైలు ఎక్కే రోజు దాకా 9 రోజులవుతాయి కాబట్టి 7 రోజుల పాస్ చాలదు. 14 రోజులది కొంటే 35,000 వదిలించుకున్నట్టే. పైగా పాస్ ఉన్నా, వేగంగా వెళ్లే నోజోమి ఎక్కాలంటే అదనంగా ఇంకో టికెట్ కొనాలి. ధరలు మారుతుంటాయి, కొనే రోజున మళ్లీ ఒకసారి చూసుకుంటే చాలు. కూడిక మాత్రం ఇలాగే.

సీట్ల రిజర్వేషన్ ప్రయాణానికి సరిగ్గా నెల ముందు, జపాన్ టైం ప్రకారం ఉదయం పదింటికి తెరుస్తారు. భారత్‌లో అది ఉదయం ఆరున్నర. పండగ రోజులు కాకపోతే అలారం పెట్టుకునేంత అవసరం లేదు. ఒక చిక్కేమిటంటే, క్యోటో–హిరోషిమా–ఒసాకా టికెట్లు దొరికే స్మార్ట్‌ఈఎక్స్ యాప్‌లో కనజావా రైలు కనిపించదు. దానికి జేఆర్ ఈస్ట్ వాళ్ల సైటుకు వెళ్లాలి. యాప్‌లో లేదు కాబట్టి రైలే లేదేమోనని నేను ఒక పూటంతా టెన్షన్ పడ్డాను.

కనజావా నుంచి క్యోటో దాకా ఇప్పుడు ఒకే రైలు లేదు. 2024 మార్చి 16న షింకన్‌సెన్‌ను త్సురుగా వరకు పొడిగించాక, అక్కడ దిగి థండర్‌బర్డ్ ఎక్స్‌ప్రెస్‌కు మారాలి. షింకన్‌సెన్ ఆగేది పైఅంతస్తులో, థండర్‌బర్డ్ ఉండేది కింది అంతస్తులో. మారడానికి కొన్ని రైళ్లకు 8 నిమిషాలే ఉంటుంది. ఎస్కలేటర్ మీద జనమంతా ఒక్కసారే దిగుతారు. చేతిలో బ్యాక్‌ప్యాక్ మాత్రమే ఉంటే 8 నిమిషాలు ధారాళంగా సరిపోతాయి. పెద్ద పెట్టె ఉంటే చెమటలు పడతాయి.

ఈ దారిలో ఒక లోటుంది, అదీ చెప్పాలి. టోక్యో నుంచి నేరుగా క్యోటో వెళ్లే టొకైడో షింకన్‌సెన్ కిటికీలోంచి ఫూజీ కొండ కనిపిస్తుంది. కనజావా మీదుగా వెళ్తే అది పోతుంది. ఫూజీ చూసి తీరాల్సిందే అంటే కనజావా తీసేసి టొకైడో లైన్‌లో వెళ్లండి, కుడిపక్క కిటికీ సీటు, అంటే ‘E’ అక్షరం ఉన్న సీటు తీసుకోండి. బయల్దేరిన ముప్పావుగంటకు షిన్-ఫూజీ దగ్గర, మబ్బు లేకపోతే, కనిపిస్తుంది. మబ్బు ఉండే రోజులే ఎక్కువ. నేను కనజావా వైపే మొగ్గుతాను.

పెట్టె మీతో రాకపోతే ట్రిప్పే మారిపోతుంది

రెండో ట్రిప్పు హాయిగా గడవడానికి సగం కారణం ఇదే, అందుకే వివరంగా చెప్తున్నాను.

జపాన్‌లో టక్యూబిన్ అనే పార్సిల్ సర్వీసు ఉంది. పెట్టెను హోటల్ రిసెప్షన్‌లో ఇస్తే ఇంకో ఊళ్లోని మీ హోటల్‌కి చేరుస్తారు. పెద్ద పెట్టెకు సుమారు 3,000 యెన్లు. టోక్యో నుంచి క్యోటోకు మామూలుగా మర్నాటికి చేరుతుంది, కావాలంటే కొన్ని రోజుల తర్వాతి తేదీ కూడా వేయించుకోవచ్చు. నేను 5వ రోజు పొద్దున టోక్యోలో ఇచ్చి, 7వ రోజుకి క్యోటోలో అందేట్టు రాయించాను. కనజావాలో రెండు రాత్రులూ బ్యాక్‌ప్యాక్‌తోనే. మళ్లీ 11వ రోజు క్యోటోలో ఇచ్చి 13వ రోజుకి ఒసాకాలో తీసుకున్నాను. హిమేజీ, హిరోషిమా మళ్లీ బ్యాక్‌ప్యాక్‌తోనే. పెద్ద పెట్టె ఒక్క షింకన్‌సెన్ కూడా ఎక్కలేదు.

రిసెప్షన్‌లో ఒక చీటీ ఇస్తారు. చేరాల్సిన హోటల్ పేరు, చిరునామా, ఫోన్ నంబరు రాయాలి. చాలామంది వదిలేసేది ఒకటుంది: ఆ హోటల్‌లో గది ఎవరి పేరు మీద, ఏ తేదీకి బుక్ అయిందో కూడా చీటీలో రాయాలి. గది మా ఆవిడ పేరు మీద ఉంది, నేను నా పేరే రాశాను. క్యోటోలో దిగాక రిసెప్షన్ అమ్మాయి కంప్యూటర్‌లో నా పేరు వెతికి, తల అడ్డంగా ఊపి, ‘ఆ పేరుతో ఎవరూ లేరండీ’ అన్నట్టు చూసింది. మా పెట్టె ఆమె వెనకాలే, గోడవారగా, వల కప్పిన వరసలో నాకు కనిపిస్తూనే ఉంది. దాని పిడికి కట్టిన ఎర్ర రిబ్బన్ చూపించి, పాస్‌పోర్టులు రెండూ పెట్టాకే బయటికొచ్చింది. మందులు, ఛార్జర్లు, పాస్‌పోర్టు మాత్రం పెట్టెలో పెట్టొద్దు.

లేదు, పెట్టె మాతోనే ఉండాలంటారా? అయితే ఇంట్లోనే టేపు తీసి కొలవండి. పొడవు, వెడల్పు, ఎత్తు కూడాలి, చక్రాలూ పిడీ కలిపి. మొత్తం 160 సెంటీమీటర్లు దాటితే టొకైడో లైన్‌లో, ఒసాకా నుంచి హిరోషిమా వైపు వెళ్లే సాన్యో లైన్‌లో పెట్టె పెట్టుకునే చోటున్న సీటును ముందే రిజర్వ్ చేయాలి. చేయకుండా ఎక్కితే 1,000 యెన్లు కట్టిస్తారు. 250 దాటితే అసలు ఎక్కనివ్వరు.

రోజుల్లో ఏం నింపాలి

రోజుకొకటే పెద్ద పని పెట్టుకోండి, మిగతాది ఖాళీగా వదలండి. మొదటి రోజు టోక్యోలో ఏమీ వద్దు.

సోమవారాలు గుర్తుంచుకోండి. టోక్యో నేషనల్ మ్యూజియం, కనజావాలోని 21వ శతాబ్దపు మ్యూజియం రెండూ మామూలుగా సోమవారం మూసేస్తారు. సోమవారం సెలవు దినమైతే తెరిచి, మర్నాడు మూస్తారు. అందుకే ప్లాన్‌లో తేదీ పక్కన వారం కూడా రాయాలి.

క్యోటోలో ఒక రోజు నారాకు ఇవ్వండి. తోదైజీ గుడిలోని కంచు బుద్ధుడు సుమారు 15 మీటర్ల ఎత్తు. బయట జింకలు మీ చేతిలోని మ్యాప్ కూడా నమిలేస్తాయి, అది మాత్రం నిజం. క్యోటో ఊళ్లో పొద్దున ఆరింటికే తెరిచేది కియోమిజు గుడి. ఒక పొద్దున ఇనారి, ఇంకో పొద్దున కియోమిజు పెట్టుకుని, మధ్యాహ్నాలు గదికొచ్చి పడుకోండి. మధ్యాహ్నాల్లో రద్దీ ఎక్కువ.

11వ రోజు హిరోషిమా వెళ్తూ హిమేజీలో దిగండి. బ్యాగ్ స్టేషన్ లాకర్‌లో పడేసి బయటికొస్తే ఎదురుగా తిన్నటి రోడ్డు, దాని చివర తెల్లటి కోట. నడక 20 నిమిషాలు. లోపల చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి, చెప్పులు విప్పి సంచిలో పట్టుకుని ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద తోటలో కూర్చుంటేనే మేలు.

హిరోషిమాలో మియాజిమా ఎప్పుడు వెళ్లాలన్నది సముద్రం చెప్తుంది. ఇత్సుకుషిమా గుడి ముందున్న పెద్ద తోరణం పోటు వేళ నీళ్లలో తేలుతున్నట్టుంటుంది. ఆటు వేళ బురదలో నడుచుకుంటూ దాని కాళ్ల దాకా వెళ్లొచ్చు. ఆ రోజు పోటు, ఆటు వేళలు ముందే చూసుకుని ఫెర్రీ టైం పెట్టుకోండి. మిగిలిన పూట శాంతి స్మారక మ్యూజియం. 1945 ఆగస్టు 6 ఉదయం 8:15కు ఆగిపోయిన గడియారం, పిల్లల బట్టలు, పొట్లం కట్టి తీసుకెళ్లిన అన్నం డబ్బా లోపలుంటాయి. మియాజిమా ముందు పెట్టి, మ్యూజియం సాయంత్రానికి ఉంచండి. దాని తర్వాత ఇంకేమీ పెట్టుకోవద్దు. మేం బయటికొచ్చి నది గట్టు మీద చాలాసేపు మాటల్లేకుండా కూర్చున్నాం.

బయల్దేరే ముందు

మందుల పెట్టె ఒకసారి తీసి చూడండి. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించి ఉన్న జలుబు మందులు జపాన్‌లోకి తీసుకెళ్లడం నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు మందులకూ పరిమితులున్నాయి. రోజూ వేసుకునే మాత్రలు నెలకు సరిపడా, డాక్టరు చీటీతో పెట్టుకోండి.

ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ వివరాలు ‘విజిట్ జపాన్ వెబ్’లో ముందే నింపితే క్యూఆర్ కోడ్ వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. అక్కడి కరెంటు 100 వోల్టులు, ప్లగ్గుకు రెండు చదును పిన్నులు. లోకల్ రైళ్లకు, బస్సులకు సుయికా కార్డు ఒకటి చాలు, టోక్యోలో కొన్నది హిరోషిమాలోనూ పనిచేస్తుంది. నగదు కావాలంటే సెవెన్-ఇలెవెన్ దుకాణాల్లోని ఏటీఎంలు విదేశీ కార్డులు తీసుకుంటాయి. పాస్‌పోర్టు ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, అక్కడి చట్టం అది.

శాకాహారులకు ఒక మాట. కూరగాయల సూప్ అని రాసి ఉన్నా అందులో తరచూ దాషి ఉంటుంది, దాషి అంటే ఎక్కువగా ఎండబెట్టిన చేపతో కాచిన రసం. ‘మాంసం వద్దు’ అంటే చేప రసం ఆగదు. చేప, దాషి రెండూ వద్దని జపనీస్‌లో రాయించిన చీటీ ఫోన్‌లో పెట్టుకుని చూపించండి. క్యోటోలో షోజిన్ ర్యోరి అనే బౌద్ధ సన్యాసుల భోజనం దొరుకుతుంది, అందులో ఆ బెడద లేదు. దానికి కొన్ని చోట్ల ముందురోజే చెప్పాలి.

ఇక ఆఖరి రోజు. నంబా స్టేషన్ ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడండి. టోక్యోలో నాలుగు రోజులు ఎడమవైపు నిలబడి అలవాటైన కాళ్లు అప్పటికింకా ఎడమకే లాగుతుంటాయి, వెనకాల ఒసాకా వాళ్లు ఓపిగ్గా ఆగుతారు.